పరిశీలకుల సమక్షంలో బంతి నిషిద్ధం

మా కాలేజీలో ఆడపిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారన్న సంగతి పై ఆఫీసుకి తెలియడం వల్లే ఇదంతా జరిగింది. తెలియకపోయి ఉంటే వాళ్లు హాయిగా ఆడుకుంటూ ఉండేవారు.

తెలియజేసిందీ మేమే. ఏటా పంపే నివేదికలో 'విద్యార్థినీ వికాసం' అన్న గడి ఖాళీగా ఉంటే బాగోదని మా ప్రిన్సిపాల్ మహంతి ధర్మారావు గారు అందులో "బాస్కెట్‌బాల్ కలదు" అని రాయించారు. అంతకుముందు ఆ గడిలో "కుట్టుమిషను కలదు" అని ఉండేది. అది పాడయ్యింది.

కలదు అన్నమాట అబద్ధం కాదు. వృక్షశాస్త్రం బ్లాకు వెనకాల సిమెంటు కోర్టు ఉంది. దానికి రెండు రింగులున్నాయి, ఒక రింగుకి వల కూడా ఉంది. ఆటలు నేర్పే పి.డి. విమల మేడమ్ ఒకప్పుడు యూనివర్సిటీకి ఆడినావిడ. ఇప్పటికీ ఆవిడ విజిల్ ఊదితే గేటు బయట ఆటోలు ఆగుతాయి. ఆవిడ చేతికింద ఓ డజను మంది పిల్లలు రోజూ సాయంత్రం చెమటలు కక్కుతూ పరిగెత్తేవారు. దసరా తర్వాత యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలన్నిటికీ టోర్నమెంటు. ఈసారి మనకి మంచి జట్టు కుదిరిందని మేడమ్ స్టాఫ్ రూములో రెండుమూడు సార్లు అన్నారు. మేమెవరం తలెత్తలేదు. ఆ రోజుల్లో మూల్యాంకనం పేపర్లు దిద్దుతున్నాం.

జట్టుకి కెప్టెన్ పొట్నూరు హైమావతి. బి.కాం. ఆఖరి సంవత్సరం. మనిషి పొట్టి. బంతి చేతిలో ఉంటే మాత్రం ఎవరికీ దొరకదు. వాళ్లమ్మతో ఆ పిల్లకి ఒక ఒప్పందం ఉంది. టోర్నమెంటులో యూనివర్సిటీ జట్టుకి ఎంపికైతే పై చదువు చదివి, విమల మేడమ్ లాగా పి.డి. అవుతుంది. కాకపోతే మేనమామ బట్టల కొట్లో బిల్లింగు దగ్గర కూర్చుంటుంది. మేనమామ అప్పుడే కుర్చీ కొనేశాడట. వెనక్కి వాలేది.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది.

"విద్యార్థినుల క్రీడాసాధన యావత్తూ బాధ్యతాయుతులైన పరిశీలకుల సమక్షముననే జరుగవలెను. పరిశీలకులు లేని సాధన సాధనగా పరిగణింపబడదు. పైపెచ్చు క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును."

ధర్మారావు గారు నన్ను పిలిపించారు. నేను తెలుగు లెక్చరర్ని. పేరు శేషగిరి. యాభై దాటాయి. జీవితంలో నేను విసిరిన గుండ్రటి వస్తువు కాయితం ఉండ ఒక్కటే.

"శేషగిరి గారూ, మిమ్మల్ని పరిశీలకులుగా నియమిస్తున్నాను" అన్నారాయన.

"నాకు ఆ ఆట తెలీదు సార్."

"అందుకే మీరు. తెలిసినవాళ్లయితే ఆట చూస్తూ కూర్చుంటారు. మనకి కావలసింది పరిశీలన."

"తేడా ఏమిటి సార్?"

"చూస్తే ఇష్టం కలుగుతుంది. పరిశీలిస్తే అభిప్రాయం కలుగుతుంది. పై ఆఫీసువారికి అభిప్రాయాలు కావాలి" అంటూ ఆయన ఉత్తర్వు మీద పచ్చ సిరాతో సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కోర్టు పక్కన కూర్చున్నాను. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. పిల్లలు ఈ గీత దగ్గర్నుంచి ఆ గీత దాకా పరిగెత్తారు, నేల ముట్టారు, వెనక్కి పరిగెత్తారు. ఎవరూ తరమడం లేదు. తర్వాత బంతి వచ్చింది. హైమావతి దాన్ని నేలకేసి కొడుతూ నలుగురి మధ్యలోంచి నడిచి వెళ్లిపోయింది, సంతలో తెలిసిన దారి పట్టుకున్నట్టు. వెళ్తూ వెళ్తూ తల తిప్పకుండానే బంతిని వెనక్కి వదిలింది. అక్కడ ఫర్హానా ఉంది. రెండో సంవత్సరం పిల్ల, గుమ్మాలు దాటేటప్పుడు తల వంచుకునే అలవాటున్నంత పొడుగు. అందుకుంది, ఎగిరింది, వేసింది. వల సన్నగా చప్పుడు చేసింది.

నేను చప్పట్లు కొట్టబోయి, పరిశీలకుణ్ని కదా అని ఆగిపోయాను.

"సార్, మీకు బోరు కొట్టట్లేదా?" అంది ఫర్హానా నీళ్లు తాగడానికొచ్చి.

"లేదమ్మా. ఆ వెనక్కి వదలడం మళ్లీ ఒకసారి చేస్తారా?"

విమల మేడమ్ నవ్వారు. "చేసి చూపించేది కాదు సార్ అది. కుదిరినప్పుడు వస్తుంది. రోజూ రండి."

రోజూ వెళ్లాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

నేను రాసిచ్చిన అభిప్రాయం ధర్మారావు గారికి నచ్చలేదు. "సాధన బాగున్నది" అని రాశాను. ఒక్క మనిషి రెండు రింగులనీ ఏకకాలంలో ఎలా చూశాడని ఆయన సందేహం. సందేహం న్యాయమైనదే. రెండో రింగుకి రెండో పరిశీలకుడిగా గణితం సార్ వచ్చారు. ఇద్దరూ మగవాళ్లే అయ్యారేమని మహిళా విభాగం అడిగింది. రసాయనశాస్త్రం అన్నపూర్ణ మేడమ్ వచ్చారు. ఆవిడ వస్తూ చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీసుకుంటూ పరిశీలించేవారు. ముగ్గురైతే కమిటీ కావాలి, కమిటీకి అధ్యక్షుడు కావాలి, అధ్యక్షుడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే బాగోదు. సోఫా వచ్చింది. సోఫా ఎండలో ఉండకూడదు. షామియానా వచ్చింది. ఆ వారం వానలు పడి చుట్టూ నేల బురదైపోవడంతో షామియానా గుంజల్ని కోర్టులో పాతారు. గట్టి నేల అదొక్కటే.

విమల మేడమ్ పరిగెత్తుకుంటూ వచ్చారు. "సార్, సరిగ్గా రింగు ముందర గుంజ పాతారు!"

"అందువల్ల రింగు దగ్గర జరిగేదంతా మాకు నీడలో స్పష్టంగా కనిపిస్తుంది" అన్నారు అధ్యక్షులు ధర్మారావు గారు.

పిల్లలు గుంజని తప్పించుకుని ఆడటం నేర్చుకున్నారు. ఈలోగా కమిటీ సభ్యులు సక్రమంగా పరిశీలిస్తున్నారో లేదో చూడటానికి జాతీయ సేవా పథకం పిల్లల్ని పెట్టారు. వాళ్లకి సర్టిఫికెట్టు ఉంటుందనేసరికి మిగతా పిల్లలు కూడా వస్తామన్నారు. 'క్రీడా వీక్షణం' అని ఒక కోర్సు మొదలైంది. హాజరు తీసుకునేవారు. కోర్టు చుట్టూ కుర్చీలు ఒక్కో వరసా లోపలికి జరిగాయి. జట్టుకి మిగిలింది మా స్టాఫ్ రూమంత చోటు. రోజూ ముందు దీపం వెలిగించాలి, ప్రార్థన పాడాలి, అధ్యక్షుల వారు రెండు ముక్కలు మాట్లాడాలి. ఆయన రెండు ముక్కలయ్యేసరికి చీకటి పడేది.

హైమావతి బంతిని నడుముకి ఆనించుకుని నిలబడి ఆ ప్రసంగాలు వినేది. కాలి బొటనవేలు మాత్రం ఆగేది కాదు. నేలకేసి తాళం వేస్తూనే ఉండేది.

ఇంతమంది ఇంత శ్రద్ధగా పరిశీలిస్తున్నారన్న కబురు పైకి పాకింది. ప్రాంతీయ సంయుక్త సంచాలకులు పాణిగ్రాహి గారు స్వయంగా పరిశీలించడానికి విచ్చేశారు. ఆయన పేరుకి ముందు ఏ విశేషణం తగ్గినా కారు దిగరని చెప్పుకుంటారు. ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి, జీడిపప్పు ఉప్మా చేతికిచ్చి, సాధన మొదలుపెట్టించారు.

"నాకు ఒక ఉదాహరణ చూపండి" అన్నారాయన.

దేనికి ఉదాహరణో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. హైమావతి బంతి అందించింది. ఫర్హానా ఎగిరి వేసింది. మామూలుగా అయితే అది పడేదే. బంతి గుంజకి తగిలి, షామియానా అంచు మీద దొర్లి, నిదానంగా, ఎవరినీ తొందరపెట్టకుండా, వచ్చి ఉప్మాలో పడింది.

ఒక జీడిపప్పు పాణిగ్రాహి గారి కళ్లద్దం మీద అతుక్కుని ఉంది. ఆయన దాన్ని తీసి, చూసి, నోట్లో వేసుకున్నారు. పెద్దమనిషి. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

మూడో రోజున ఉత్తర్వు వచ్చింది. "పరిశీలకుల భద్రత దృష్ట్యా, పరిశీలకుల సమక్షమున బంతి వినియోగము తక్షణమే నిషేధించడమైనది."

విమల మేడమ్ రెండు ఉత్తర్వులూ పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లారు. సాక్షిగా నన్నూ లాక్కెళ్లారు.

"సార్, ఇకనుంచి బంతితో ఎప్పుడు ఆడాలి?"

"పరిశీలకులు లేనప్పుడు నిరభ్యంతరంగా ఆడొచ్చు, మేడమ్."

"పరిశీలకులు లేనప్పుడు అసలు సాధనే చేయకూడదు కదా సార్?"

"ఎంతమాత్రమూ చేయకూడదు."

"మరి?"

ధర్మారావు గారు రెండు కాయితాల్నీ ఆవిడ చేతిలోంచి తీసుకుని, బల్ల మీద దూరదూరంగా పెట్టారు. "ఆ రెండూ వేర్వేరు ఫైళ్లు, మేడమ్. మీరు వాటిని కలిపి చదువుతున్నారు. అక్కడే వస్తోంది చిక్కు."

వరండాలోకి వచ్చాక విమల మేడమ్ గోడకి ఆనుకుని చాలాసేపు నవ్వారు. తర్వాత అది నవ్వు కాదని నాకు అర్థమైంది.

మర్నాటి నుంచి బంతి లేకుండా సాధన జరిగింది. లేని బంతిని హైమావతి నేలకేసి కొట్టింది, లేని బంతిని ఫర్హానా అందుకుంది, లేని బంతి రింగులో పడింది. కమిటీ ఎంతో సంతోషించింది. వేసిన ప్రతి బంతీ పడుతోందని, చేజారడాలు పూర్తిగా ఆగిపోయాయని, జట్టు ఇంత తక్కువ కాలంలో ఇంత పురోగతి సాధించడం పరిశీలన ఫలితమేనని రాశారు. "ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి" అన్నారు అన్నపూర్ణ మేడమ్ చిక్కుడుకాయ విరుస్తూ. పై ఆఫీసు నుంచి అభినందన వచ్చింది. మిగతా కాలేజీలు కూడా మా పద్ధతి పాటించాలని అందులో ఉంది.

దసరా సెలవులు రేపో మాపో అనగా హైమావతి స్టాఫ్ రూముకొచ్చింది. లోపల నేనొక్కణ్నే ఉన్నాను.

"ఏటి సార్ ఇది? బంతి ముట్టుకుని ఎన్నాళ్లయిపోయింది! నిన్న ఇంటికాడ మా అమ్మ కొబ్బరికాయ అందిమ్మంటే గుండెల కాడ్నుంచి విసిరి చెస్ట్ పాస్ ఇచ్చీసాను."

"అయ్యో. పట్టుకుందా?"

"పట్టుకుంది సార్. దెబ్బలాడింది గానీ పట్టుకుంది" అంది. నవ్వబోయి నవ్వలేదు. "మీరు రోజూ కూకుని చూస్తన్నారు కదా సార్. మేం ఆడట్లేదని మీకు కనపడట్లేదా?"

"కనపడుతోందమ్మా."

"మరి అంతమంది అక్కడ ఎందుకు సార్?"

ముప్పై ఏళ్లుగా పిల్లలకి ప్రశ్నలిచ్చినవాణ్ని. ఇంత చిన్న ప్రశ్న ఎప్పుడూ ఇవ్వలేదు.

"బిల్లింగు కుర్చీలో కూకోమంటే కూకుంటాను సార్. అదేటీ తప్పు పని కాదు. ఓడిపోయి కూకోమంటే కూకుంటాను. ఆడకుండా ఎలా కూకోడం?" అని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా మొదటి ఉత్తర్వుని ముందేసుకుని కూర్చున్నాను. నాకు బాస్కెట్‌బాల్ రాదు, చట్టం రాదు. వచ్చిందల్లా పదాల అర్థాలు. నాలుగింటికి ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను.

"సార్, ఈ ఉత్తర్వు సాధనకి మాత్రమే వర్తిస్తుంది."

"అవును."

"ఎవరికి వారు అభ్యాసం చేసుకుంటే సాధన. అవతల ప్రత్యర్థి ఉంటే అది పోటీ. సాధన తత్సమం, పోటీ దేశ్యం. రెండూ ఒకే ఉత్తర్వు కిందికి రావు. పోటీకి పరిశీలకులు అక్కర్లేదు, రిఫరీ చాలు. పరిశీలకులు లేరు కాబట్టి బంతి వాడొచ్చు."

ధర్మారావు గారు కళ్లజోడు తీశారు. తనకన్నా బాగా ఫైలుని వేరు చేసినవాణ్ని ఆయన గౌరవిస్తారు. "ప్రత్యర్థి ఎవరు?"

"మన కమిటీయే సార్. అధ్యాపకులకీ విద్యార్థినులకీ స్నేహపూర్వక పోటీ. తమరు కెప్టెన్. పేపర్లో ఫొటో వేస్తారు."

ఫొటో అన్నాక ఆయన కొంచెంసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "నాకు ట్రాక్ సూట్ లేదే" అన్నారు చివరికి.

మర్నాడు సాయంత్రానికి ఉంది. నీలం రంగుది, పక్కన తెల్ల చార. ధర్మారావు గారు కోర్టు మధ్య నిలబడి, చేతులు కట్టుకుని ఫొటో దిగారు. విమల మేడమ్ బంతిని పైకి ఎగరేశారు. ఆ తర్వాత ఆయనకి బంతి కనిపించలేదు.

మా జట్టులో ఎవరికీ నియమాలు తెలియవు. గణితం సార్ బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తారు. నేను రెండు చేతులూ చాపి ఒకే చోట నిలబడ్డాను, బస్సు ఆపుతున్నవాడిలాగ. అన్నపూర్ణ మేడమ్ కొంగు బిగించి రింగు కింద స్థానం తీసుకున్నారు. ఆ దరిదాపులకి ఎవరొచ్చినా మోచేతులతో పొడిచేవారు. ఎంత వెతికినా ఆ శాంతమూర్తి ముఖంలో పశ్చాత్తాపం లేదు. ధర్మారావు గారు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బంతి చేతికి చిక్కగా రింగు వైపు దూసుకెళ్లారు. గుంజకి గుద్దుకున్నారు.

"ఈ గుంజ ఇక్కడ ఎవరు పాతారు?" అన్నారు కింద కూర్చుని నుదురు రుద్దుకుంటూ.

అరగంటలో షామియానా లేచిపోయింది. మర్నాడు ఆయన వెనక్కి పరిగెత్తుతూ సోఫా మీద వెల్లకిలా పడ్డారు. సోఫా వెళ్లిపోయింది. ఆ తర్వాత కుర్చీల వంతు. కోర్టు మళ్లీ కోర్టంత అయింది.

మాకు ఒక్క పాయింటూ రాలేదు. మొదటి రోజు ఫొటో కోసం వచ్చిన ధర్మారావు గారు రెండో రోజు నుంచి ఫొటోగ్రాఫర్ని పిలవలేదు. మూడో రోజున విమల మేడమ్ పిల్లల్ని దగ్గరికి పిలిచి, "ఒక్కటి వేయనివ్వండే. పెద్దాయన" అన్నారు.

"వదలం మేడమ్" అంది హైమావతి. "రేపు అక్కడ మమ్మల్నెవరు వదుల్తారు?"

ఆ మాట ఆయన చెవిన పడింది. మొహం ఎర్రబడింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేశారు. "శేషగిరి గారూ, రేపు ఉదయం ఆరింటికి కోర్టు దగ్గరికి రాగలరా?"

"ఎందుకు సార్?"

"నేను కొంచెం... వేసి చూద్దామనుకుంటున్నాను. ఒక్కణ్నే. ప్రత్యర్థి లేడు కాబట్టి అది సాధన కిందికి వస్తుంది. పరిశీలకుడు ఉండాలి."

"ఆ ఉత్తర్వు విద్యార్థినులకి కదా సార్?"

"మనం వాళ్లకన్నా ఎక్కువా?" అన్నారు.

"నేనుంటే మరి బంతి వాడకూడదు సార్."

జీవితంలో మొదటిసారి ఆయన రెండు ఫైళ్లనీ కలిపి చదివారు. ఫోనులో ఆ చప్పుడు నాకు దాదాపు వినిపించింది.

"మీరు ప్రహరీ గోడకి అటువైపు నిలబడి పరిశీలించండి" అన్నారు.

నిలబడ్డాను. గోడ మీంచి బంతి ఎగరడం, రింగుకి తగలడం, కింద పడటం కనిపించేవి. ఆయన కనిపించేవారు కాదు. ఆయాసం వినిపించేది. ఎంతసేపటికీ పడలేదు. చివరికి గోడ అవతల్నుంచి గొంతు వచ్చింది. "శేషగిరి గారూ! ఆ పిల్ల పరిగెత్తుతూ వేస్తుందండీ ఇది. నలుగురు మీదపడుతుంటే వేస్తుంది."

"అవును సార్."

"మనం అన్నాళ్లు అక్కడ కూర్చుని ఏం చూశాం?"

అదే ప్రశ్న నన్ను హైమావతి అడిగిందని చెప్పలేదు. సెలవుల్లో కూడా రోజూ ఉదయం ఆయన సాధన, సాయంత్రం మా ఓటమి జరిగాయి. దసరా పండగ నాడు ఒక్కరోజు మానేశాం. ఆ రోజు కూడా అన్నపూర్ణ మేడమ్ వచ్చి, గేటు మూసి ఉంటే తిట్టుకుంటూ వెళ్లారట.

టోర్నమెంటు విశాఖపట్నంలో. పరిశీలకులకి పోటీల ప్రయాణానికి అనుమతి లేదని పై ఆఫీసు చెప్పింది. ధర్మారావు గారు, అన్నపూర్ణ మేడమ్, నేను సెలవు పెట్టుకుని బస్సెక్కాం. ఆయన కిటికీ పక్క కూర్చుని దారంతా చేత్తో గాలిలో ఏదో వేస్తూనే ఉన్నారు.

మొదటి మ్యాచిలో అవతలి పిల్లలు మోచేతులు వాడతారని పేరు. అన్నపూర్ణ మేడమ్ కింద బతికి బయటపడ్డ పిల్లలకి ఆ మోచేతులు లెక్కలోకి రాలేదు. రెండో మ్యాచిలో అవతలి కాలేజీవాళ్లు మా పద్ధతి నిష్ఠగా పాటించి వచ్చారు. వాళ్ల కదలికలు ఎంతో అందంగా ఉన్నాయి. బంతి చేతికొచ్చినప్పుడల్లా మాత్రం ఇదేమిటన్నట్టు చూశారు. ధర్మారావు గారు తల దించుకుని కూర్చున్నారు.

అలా ఫైనల్‌కి వచ్చాం.

ఫైనల్ గురించి నేను సరిగ్గా చెప్పలేను. ఎక్కువసేపు లేచి నిలబడి అరిచాను. ఆఖరి నిమిషంలో మా వాళ్లు ఒక్క బాస్కెట్ వెనకబడి ఉన్నారు. హైమావతి ముగ్గుర్ని దాటింది. తల తిప్పకుండా వెనక్కి వదిలింది, ఫర్హానా అందుకుంది, అవతలివాళ్లు గోడ కట్టేయడంతో తిరిగి హైమావతికే ఇచ్చింది. హైమావతి వేసింది. బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగింది. ఇంకో సగం చుట్టు తిరిగింది. బయటికి పడింది. విజిల్.

పిల్ల ఉన్నచోటే కూలబడింది. మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది. ధర్మారావు గారు మెట్లు దిగి వెళ్లారు. ప్రసంగిస్తారేమోనని విమల మేడమ్ అడ్డం వెళ్లబోయారు. ఆయన దగ్గరున్న భాషలో అక్కడ పనికొచ్చే మాట లేదు. ఆ సిమెంటు మీదే, తెల్ల చార ట్రాక్ సూట్‌తో, ఆ పిల్ల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

కొంతసేపటికి హైమావతే తలెత్తింది. "కొంచెం ఎక్కువ బలం పెట్టీసాను సార్."

"నేనైతే గుంజకి గుద్దుకునేవాణ్ని" అన్నారాయన.

పిల్ల ఫక్కున నవ్వింది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ సాయంత్రం యూనివర్సిటీ జట్టు పేర్లు చదివారు. మా కాలేజీ నుంచి రెండు. హైమావతి వెంటనే వాళ్లమ్మకి ఫోన్ చేసింది. బస్సు స్టాండులో ఆ చప్పుడులో మాకు ఇటువైపు మాటలే వినిపించాయి. "అవునమ్మా... ఓడిపోనాం... అవును, ఎంపికైపోనాను... మావయ్యకి చెప్పు, కుర్చీ తనే వాడుకోమని."

రన్నర్స్ కప్పుతో తిరిగొచ్చేసరికి పై ఆఫీసు లేఖ సిద్ధంగా ఉంది. మా కాలేజీలో దసరా ముందు నుంచి సాధన జరిగినట్టు ఆధారాలు లేవు. సాధన చేయని జట్టు ఫైనల్ దాకా ఎలా వెళ్లింది? సాధన లేకుండా రాణించడం ఇతర కళాశాలలకు తప్పుడు సంకేతం ఇచ్చును కావున పాణిగ్రాహి గారు స్వయంగా విచారణ జరుపుతారు.

ఆయన వచ్చారు. ఈసారి ఉప్మా లేదు, సోఫా లేదు. కోర్టులో పిల్లలున్నారు. చుట్టూ ఎవరూ లేరు.

"సాధన లేకుండా ఇది ఎట్లు సాధ్యమైనదో నాకు విశదపరచండి" అన్నారు.

ధర్మారావు గారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పై అధికారికి చేతులు కట్టుకుని జవాబు చెప్పిన మనిషి. ఆయన వంగి, బంతి తీసి, పాణిగ్రాహి గారి చేతుల్లో పెట్టారు.

"విశదపరచడం నాకు చేతకాలేదండి. తమరు ఒక్కసారి వేసి చూడండి."

పాణిగ్రాహి గారు బంతిని అటూ ఇటూ తిప్పి చూశారు. సంతకం ఎక్కడ పెట్టాలా అని వెతుకుతున్నట్టు. తర్వాత రింగు వైపు విసిరారు. అది రింగు దాకా కూడా వెళ్లలేదు. చుట్టూ చూశారు. ఎవరూ నవ్వలేదు. ఫర్హానా బంతి తెచ్చి మళ్లీ ఇచ్చింది. ఈసారి బోర్డుకి తగిలింది. ఆయన కోటు విప్పి డ్రైవరుకి ఇచ్చారు.

"మోచెయ్యి లోపలికి పెట్టాలి సార్" అంది హైమావతి.

"ఇలాగా?"

"ఇంకొంచెం. మోకాళ్లు వంచాలి సార్. ఆఁ."

వేశారు. పడలేదు. మళ్లీ వేశారు. విమల మేడమ్ ఎందుకో వేరే వైపు తిరిగి నిలబడ్డారు. భుజాలు ఊగుతున్నాయి. సంజ వాలుతుంటే పాణిగ్రాహి గారు డ్రైవరుని పిలిచి, కారు తెచ్చి రింగు వైపు లైట్లు వేయమన్నారు.

అది గడిచి నెల దాటింది. హైమావతి, ఫర్హానా యూనివర్సిటీ క్యాంపుకి వెళ్లారు. ఇక్కడ విచారణ ఇంకా పూర్తి కాలేదు. పాణిగ్రాహి గారు వారానికి మూడుసార్లు వస్తున్నారు. పోయిన మంగళవారం వచ్చినప్పుడు ఆయనకి ఒకటి పడింది. ఆయన వెనక్కి తిరిగి మా అందరి మొహాలూ చూసి, "మీరెవరైనా చూశారా?" అని అడిగారు.